ముందు ఇరుసు

ఆటోనగర్ షెడ్డులో, నేల మీద సుద్దముక్కతో
మా బండి ముందు భాగం గీశాడు గవర్రాజు.
నూలుదారానికి నట్టు కట్టి చాసిస్ నుంచి వేలాడదీశాడు.
అది ఊగడం మానేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

ఇప్పుడున్న చక్రాలు దేని దారి దానిదే.
అనంతగిరి పైన, కాఫీ మూటలు దించే వాగులో
ఒకటి రాయెక్కితే రెండోది గాల్లో తిరుగుతుంది.
"ఒకే ఇరుసు ఏసేద్దుం. ఒకడు లెగిస్తే
రెండోవోడు నేలని తొక్కిపట్టాల."

పాత మిలటరీ జీపుది, తుక్కులో దొరికింది.
ఉప్పుగాలి సగం తినేసింది;
మిగతా సగం మోయడానికి నలుగురం కావాల్సొచ్చింది.

కమాను పట్టీలు ఆరా, ఏడా?
వెనక గేరు పళ్ళ లెక్కకి ముందుది కలుస్తుందా?
స్టీరింగు రాడ్డు ఇంజను సంపుకి తగిలితే?
కరెంటు బిల్లు వెనక రాసిన అంకెల్లో
ఒక అంగుళం ఎక్కడో తప్పిపోయింది.

"కోసేస్తే మరి ఎనక్కి రాదు, సూసుకోండి."
గ్రైండరు ప్లగ్గు ఇంకా పెట్టలేదు.

బయట కంటైనర్ లారీలు పోర్టుకి పోతున్నాయి.
టీ కుర్రాడు సుద్దగీత తొక్కకుండా చుట్టూ నడిచొచ్చి
ఇటుకల మీది ఇరుసుకి ఆ చివరొకటి, ఈ చివరొకటి
కమాను కూర్చోబోయే పలకల మీద గ్లాసులు పెట్టాడు.
రెండు టీలూ అంచుకి సమంగా నిలిచాయి.
గవర్రాజు తాగడం లేదు,
వంగి చూస్తున్నాడు.