చేబదులు

రాత్రి రెండుంబావుకి
యంత్రం కూత పెట్టింది.
మూడో అర, పదిహేడో సీసా.
పామంజి కావేరమ్మ, యాభై రెండు, మైపాడు దగ్గర పల్లె.
పని: రొయ్యల తలకాయలు తీసే షెడ్డు.
నెత్తురు తీసి పదకొండు గంటలన్నా కాలేదు,
లోపల ఎవరో అప్పుడే సంసారం పెట్టేశారు.

గాజు పలక మీద చుక్క, రంగు, కడుగుడు, మళ్ళీ రంగు.
కటకం కింద గులాబీ కడ్డీలు,
పొట్టివి, బలిసినవి,
ఒక్కోదాని చుట్టూ గంజి కట్టినట్టు తెర.
"నువ్వేనా మేయ్" అన్నాను.

వాటిని పళ్ళెంలో అలికి
పన్నెండు మందు బిళ్ళలు పెట్టాను, చొక్కా గుండీలంత.
మందు పారితే
బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగలాల.
మర్నాటి రాత్రి తీస్తే
బిళ్ళ అంచుదాకా పైరు.
ఒరుసుకుని పైరు.

ఎట్టా బతికావు?
మందు దూరే సందు మూసుకుంది.
జారిన కాస్తనీ తోడి బయట పోసింది,
గుంటలో ఇంజను నీళ్ళు తోడినట్టు.
అప్పటికీ మిగిలినదాన్ని కత్తిరించింది.
మందు ప్రాణం నాలుగు మూలల ఉంగరంలో ఉంటది,
సరిగ్గా అక్కడ, పుటుక్కున.
ఆ కత్తెర పుట్టుకతో వచ్చింది కాదు.
పక్కదాని దగ్గర చేబదులు.

సన్నటి గొట్టం చాపుద్ది పక్కది.
మొదలూ చివరా లేని గాజులాంటి దారం,
అందులో ఒక పోగు విప్పి ఇటు జార్చుద్ది.
ఇచ్చినదాని దగ్గరా ఉంటది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటది.
కులం అడగదు, నోటు రాయించుకోదు.
మా వైపు ఇట్టాంటి అప్పు
కన్నవాళ్ళు కూడా ఇవ్వరు.

నాకు పన్నెండేళ్ళప్పుడు
రామతీర్థం ఇసకలో మా అన్న గుంట.
తెల్లమచ్చ తగిలిన ఏడు.
అది వైరస్సనీ, ఈ మందుకి లొంగదనీ
మాకెవరు చెప్పారు?
పేరు చించేసిన సంచి, పసుపు పొడి.
మేతలో కలిపింది నేనే, రెండు చేతుల్తో.
బళ్ళో అడిగారు, "మీ ఇంట్లో పేరంటమా మస్తానమ్మా?"
రొయ్యలు చచ్చాయి.
నీళ్ళు కాలవలోకి వదిలాం.
కాలవ ఎటు పోవాల్నో అటు పోయింది.

అదే ఇదని చెప్పలేను.
చెప్పే పరీక్ష నా దగ్గర లేదు.

ఫోన్లో డాక్టరు: "ఏదన్నా మిగిలిందా?"
పదకొండో బిళ్ళ చుట్టూ సన్నటి ఖాళీ.
స్కేలు పెట్టాను. పదహారు మిల్లీమీటర్లు.
పుస్తకం పదిహేడు అడుగుద్ది.
స్కేలు కొంచెం జరపాలనిపించింది.
జరిపితే కావేరమ్మ ఒంట్లో ఏదీ జరగదు.
"పదహారు సార్."
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"కిడ్నీలు చూసుకుంటా మోతాదు పెంచుదాం. రాసి పంపించు."

రాశాను. పదకొండు చోట్ల ఎర్ర సిరా,
ఒక చోట పెన్సిలు.

మెట్ల మీద ఆమె కూతురు కూర్చోనుంది,
చేతి వేళ్ళకి రొయ్య ముళ్ళు గుచ్చుకున్న గాట్లు.
కొంగు ముడి విప్పి చూపించింది:
సగం కోసిన అట్ట, నాలుగు బిళ్ళలు.
"పోయిన నెల జొరానికి అంగట్లో ఇచ్చినయ్యక్కా.
తగ్గింది గదా అని మిగతావి దాచాం,
మళ్ళీ వస్తే పనికొస్తాయని."

నేనేమీ అనలేదు.
గ్లవ్సు తీసి
చేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాను.
పైన యంత్రం
మళ్ళీ కూస్తావుంది.