ముప్పై మూడు దగ్గర

శ్రీకాకుళం పెద్దాసుపత్రి. రాత్రి రెండు దాటింది.
ఐసీయూ నుంచి నీలిమూత గొట్టం వచ్చింది,
చేతికి చల్లగా.
పేరు కోమర ఎల్లాజీ, వయసు ముప్పై ఒకటి.
ఎచ్చెర్ల మలుపులో లారీ కొట్టిన బండి,
పగిలిన తల.
లోపల వాపు పెరక్కుండా ఒళ్లంతా చల్లబరిచి
ముప్పై మూడు డిగ్రీల దగ్గర ఆపి ఉంచారు,
తాడేసి పడవని ఆపినట్టు.

నా యంత్రం మంచిది. అందుకే అబద్ధం చెబుతుంది.
ఏ నెత్తురిచ్చినా ముందు ముప్పై ఏడుకి వెచ్చబెట్టి
అప్పుడడుగుతుంది, గడ్డకట్టడం వచ్చా అని.
చలి వదిలిన నెత్తురు
ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తుంది.
పద్నాలుగు సెకన్లు. నార్మల్.
కింద సంతకం నాది.

పైన, మూడో అంతస్తులో,
సూది గుచ్చిన చోటల్లా దూది ఎర్రబడుతూనే ఉంది.
చిగుళ్ల వెంట సన్నటి గీత.
ప్లేట్‌లెట్లు మొన్న లక్షా తొంభై వేలు,
ఈ రాత్రి డెబ్బై రెండు.
ఆ ఉన్నవి కూడా
మాఘమాసం తెల్లారుగట్ల కూలీల్లా
చేతులు ముడుచుక్కూర్చున్నాయి.

మళ్లీ నెత్తురు తీద్దామని మెట్లెక్కుతుంటే
గున్నమ్మ ఆపింది.
బందరువానిపేటలో చేపల గంపలు దించే మనిషి.
"సేపకి ఐసేత్తే పాడవదు బాబూ, ఆ ముక్క నాకెరికే.
ఐసేత్తే రగతం ఆగాల గదా,
మా ఓడికి కారతందేటి?"

చదువుకున్న జవాబు ఒకటుంది,
ఎంజైములనీ వాటికి కావలసిన వేడనీ.
నోటిదాకా వచ్చి ఆగిపోయింది.
"సలికి ఏళ్లు కొంకర్లు పోతే
వల ముడి పడదు గదమ్మా" అన్నాను.
తన వేళ్లకేసి చూసుకుంది, చాలాసేపు.

నేను గుచ్చిన చోటూ కారింది.

కిందికి పరుగు.
మూత విరిగిన పాత నీళ్లతొట్టె తీసి
ముల్లు ముప్పై మూడుకి తిప్పి,
అందులో ఒక గాజు గొట్టం,
వెచ్చటి తొట్టెలో ఇంకొకటి.
అర నిమిషానికోసారి వంచి చూడటం,
మా గురువులు నేర్పిన మోటు పని.
వెచ్చటిది ఏడో నిమిషంలో నిలబడింది.
చల్లటిది పన్నెండైనా
ఎటు వంచితే అటు జారుతోంది.

రిపోర్టు ఫారంలో దీనికి గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాసి
డాక్టరు తారకేశ్వరి గారి చేతిలో పెట్టాను.
మెదడు ఫిల్ముకేసి ఒకసారి, నా అంకెలకేసి ఒకసారి.
చలి తీస్తే అది, ఉంచితే ఇది.
"గంటకి పావు డిగ్రీ," అంది నర్సుతో,
"అంతకన్నా తొందరొద్దు. ప్లేట్‌లెట్ల సంచులు అడగండి."

ఆరింటికి ముప్పై మూడూ ముప్పావు.
దూది మీద మరక ఇంకా ఎర్రగానే ఉంది,
కాస్త చిన్నదైందేమో, నాకలా అనిపించిందేమో.
తలుపు బయట గున్నమ్మ
రెండు చేతులూ చంకల్లో దాచుకుని
వెచ్చబెట్టుకుంటోంది,
ముట్టుకోనిస్తారేమోనని.