కణుపు లెక్క

నేల మీద పెట్టకు, అంది నర్సరీ డార్లీన్
చిల్లర తిరిగిస్తూ. తలుపు దాకా వచ్చి మళ్ళీ అంది.
కుండీలోనే. కుండీ అడుగున చిల్లుంటే మూసెయ్.
దీనికి తడి ఇష్టం, హద్దు పడదు.

ఆకు లేదు, పువ్వు లేదు, కొమ్మ లేదు.
నిటారు పచ్చటి గొట్టాలు,
బెత్తెడుకో నల్లటి కణుపు,
కణుపుకో బూడిదరంగు అంచు, పట్టీ తొడిగినట్టు.
ఇక్కడివాళ్ళు గుర్రం తోక అంటారు.
ఇంత పొగరున్న తోక ఏ గుర్రానికీ చూడలేదు నేను.
తుంగ కాదు, రెల్లు కాదు, జమ్ము అసలే కాదు.
మన భాషలో పేరు లేనిదాన్ని
ఏమని పిలిచి నీళ్ళు పొయ్యను?
"ఒరేయ్" అన్నాను. పలికినట్టే ఉంది.

యూజీన్‌లో అక్టోబరు నుంచి జూన్ దాకా
వాన పడదు, ఉంటుంది.
అద్దె ఇంటి వెనక, బాత్రూం కిటికీ కింద,
ఎండ మొహం చాటేసే మూడడుగుల సందులో
ఏది పెట్టినా కుళ్ళింది.
ఇది మాత్రం వచ్చిన వారానికే
గది తనదన్నట్టు నించుంది.

పెంచే పద్ధతి అడిగితే చెప్తాను:
రెండంగుళాల నీళ్ళలో కాళ్ళు నాననివ్వు.
ఎరువు వద్దు, బలిస్తే పట్టేవాడు లేడు.
మార్చిలో పాత కాడల్ని మొదలంటా కొయ్యి.
కత్తెర మొండిబారుతుంది, గొణుక్కోకు,
ఒంట్లో ఇసుక దాచుకున్న మొక్క అది.
కణుపు దగ్గర లాగితే టప్పున ఊడొస్తుంది,
తిరిగి గుచ్చితే ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.
ఇది పెంపకంలోకి రాదు, నా ఆట.
ఆఫీసులో ఎవరైనా ఒక మాట అన్న రోజు
పదిహేను కాడలు ఊడదీసి గుచ్చేదాన్ని.

డిసెంబరులో ఒక రాత్రి నీళ్ళు గడ్డకట్టి
కుండీ నెర్రె విచ్చింది. వెంట్రుకంత.
మైనం పెడదామనుకున్నాను.
అనుకోవడం దగ్గరే ఆగాను.
నిజం చెప్పాలంటే
పట్టపగ్గాల్లేనిదాన్ని ఒకసారి చూడాలని
నాకూ ఉండింది.

ఏప్రిల్లో కంచె అవతల
ఐవర్సన్ గారి గులకరాళ్ళ బాటలో
పెన్సిళ్ళు మొలిచాయి. పదకొండు.
ఏ ఒక్కటీ నాది కాదనడానికి వీల్లేదు.

అరటిపండు కేకు ఒకటి కాల్చి
క్షమాపణ నోట్లోనే రెండుసార్లు చదువుకుని
తలుపు తట్టాను.
ఎనభై రెండేళ్ళ మనిషి, చెవి మిషను సర్దుకుంటూ
"అది నీదేనా?" అన్నాడు.
తల దించాను. లోపలికి రమ్మన్నాడు.

టేబుల్ మీద ముక్కలుగా విప్పిన క్లారినెట్.
పక్కన నా కాడ, నిలువునా చీల్చి, ఎండబెట్టి.
దాంతో క్లారినెట్ పీకని రుద్దుతున్నాడు,
అటొకసారి, ఇటొకసారి,
దీపానికెత్తి చూసి, పెదవికి ఆనించి, మళ్ళీ.
గరుకు కాగితం కన్నా ఇదే నయమట.
వాయించే రోజుల్లో ఏటిగట్టుకెళ్ళి కోసుకునేవాడట.
మోకాళ్ళతో పాటు ఆ దారీ పోయిందట.

సన్నాయికున్నదాన్నీ మనం పీక అనే అంటాం.
గొంతుకీ అదే మాట.
చెప్పబోయాను గానీ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి
అది రెండు ముక్కలైపోయింది. ఊరుకున్నాను.
ఆయన ఊదాడు.
మూడో స్వరం దగ్గర ఊపిరి విరిగింది.
తిట్టుకుని, నవ్వి, మళ్ళీ రుద్దడం మొదలెట్టాడు.

బాటకి ఆ పక్కన రెండడుగులు తవ్వి రేకు పాతాం.
నేను తవ్వాను, ఆయన కుర్చీలోంచి వంకలు పెట్టాడు.
గుంట అడుగున నల్లటి వేరొకటి, చెప్పుల దారమంత,
నా చెయ్యి అందనంత కిందికి పోతూ కనిపించింది.
ఇద్దరం చూశాం.
మట్టి కప్పేశాను.

కొత్త కుండీ కొన్నాను. చిల్లు మూశాను.
డార్లీన్ అడిగినప్పుడల్లా
అంతా కుండీలోనే ఉందని చెప్తున్నాను.