జి పక్కన

ఆగస్టు. దోహాలో అద్దాలకు
చెమట బయటివైపు పడుతుంది.
లోపల నేను స్వెట్టరేసుకుని
ఒక అక్షరానికి దొంగ అక్షరం తయారుచేస్తున్నాను.

ఆర్‌ఎన్‌ఏకి నాలుగే అక్షరాలు. ఎ, యు, జి, సి.
నాలుగూ చీకటివే.
ఎంత వెలుతురు తాగించినా
రెప్పపాటులో లక్షకోట్లో వంతుకే
వేడిగా దులిపేసుకుని
ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి.
ఎండలో బతకాలంటే అదే తెలివేమో.

యు అంచుకు ఐదు మూలల ఉంగరం ఒకటి అతికించాను,
ఒక మూలన గంధకం.
ఎ తో చేయి కలిపే వైపు జోలికి పోలేదు.
ఎక్కువ మారిస్తే వరసలో ఇమడదు,
తక్కువ మారిస్తే వెలగదు.
ఏడు నెలలు ఆ సందులోనే,
ఒక వత్తు మందాన.

సీసాలో వెలిగింది,
నీలంగా, సిమ్‌లో పెట్టిన గ్యాస్ పొయ్యిలా.
పోగులో గుచ్చాక
అటొక జి, ఇటొక జి,
మధ్యలో నా యు
ఆరిపోయింది.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ.
నోట్‌బుక్‌లో 'వెలగలేదు' అని రాసి
కింద గీత కొట్టాను, కాగితం చిరిగేట్టు.

రాత్రి పదకొండుకి లింబాద్రి వస్తాడు
వాడేసిన ద్రావకాల డబ్బాలు పట్టుకుపోవడానికి.
ఆర్మూరు అవతల ఊరు. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే,
పన్నెండు పరంజాల మీద.
నా దీపం తగిలి అతని చొక్కా
పచ్చగా గుప్పుమంది.
ఆ రాత్రి గదిలో వెలిగింది అదొక్కటే.

'ఏమైంది మేడం, మొకం గట్ల పెట్టిన్రు?'
చెప్పాను, పూసలని, దారమని,
నాకొచ్చిన తెలుగులో.
మూత బిగిస్తూ విన్నాడు.

'సైటు మీద మా నడ్పి గంగారాం ఒగ్గుకథ పాడేటోడు.
ఏడో అంతస్తుల పాడితె
కింద సిమెంటు కలిపెటోళ్లకు ఇనొస్తుండె.
పాట ఆగిందనుకోండ్రి,
తల ఎత్తకుంటనే మాకెరుక,
ఫోర్‌మన్ ఆని పక్కకొచ్చి నిలవడ్డడని.
మీ పూస గూడ గంతేనేమో.
ఆరితె ఆరింది.
పక్కపొంటి ఎవడున్నడో చెప్పింది గద.'

తోపుడుబండి చక్రం ఒకటి కీచుమంటూ
లిఫ్టు దాకా వినిపించింది.

జి లు తీసేసి ఎ లు పెట్టిన పోగు
రెండు వారాలకు చేతికొచ్చింది.
వెలిగింది. మరీ ఎక్కువేం కాదు,
గుర్తుపట్టేంత.
'వెలగలేదు' అన్న మాట కొట్టెయ్యలేదు.
దాని ముందు ఇరికించి రాశాను: జి పక్కన.

గంగారాం ఇప్పుడు ఎక్కడ పాడుతున్నాడో
ఆ రాత్రి అడగనే లేదు.