ఈనె ఎండేదాకా

టంగుటూరు దాటి కొండపి రోడ్డులో
జామాయిల్ మొద్దులు పేర్చిన రెండో బ్యారన్ నాది.
నాదంటే, ఆసామిది.
మంట నాది.
ముప్పై రెండేళ్లుగా దాని నోటికి కట్టె అందిస్తన్నా.

ఆదివారం గుళ్లో వెనక చాప మీద కూర్చునేవాణ్ణి.
పాస్టరయ్య నాలో ఏం చూశాడో ఏమో
"ఒబేదూ, ఈ ముగ్గురికీ నువ్వు దారి చూపియ్యి" అన్నాడు.
నాకు సంతకమే రాదయ్యా అన్నా.
"వాళ్లకొచ్చులే" అన్నాడు.

వొచ్చారు, రాత్రి తొమ్మిదింటికి.
మంకీక్యాపులు, నోటుబుక్కులు, ముగ్గురికీ కలిపి ఒక బైబిలు.
కెజియా, డిగ్రీ రెండో ఏడు.
బర్తిమయి, గోళ్లనిండా గ్రీజుతో మెకానిక్ షెడ్డు కుర్రోడు.
చిన్నోడు తుకికు. వాడికి అడగటమొకటే తెలుసు.
"మొదలుపెట్టు మామా" అని
పొయ్యి మీది ఎసరు కేసి చూసినట్టు నా మొహం కేసి చూశారు.

నా కాడ ఏముంది?
బ్యారన్ తలుపు తీసి చూపించా.
అంచెలంచెలుగా కర్రలకు వేలాడే పచ్చాకు.
ఇప్పుడే వేడి పెంచితే ఏమవుద్ది?
"బిరీన ఎండుద్ది" అన్నాడు బర్తిమయి.
ఎండుద్ది. పచ్చగానే ఎండుద్ది.
వేలంలో ఎవడూ దానిమీద చెయ్యి పెట్టడు.
ముందు పసుపు తిరగనియ్యాల.
తొంభై అయిదు మీద మంటను పట్టుకోని
రెండు రాత్రులు ఊరికే కూర్చోవాల.

ఊరికే కూర్చోటం.
అది నేర్పటానికే జనవరి అంతా పట్టింది.

వారం తిరక్కముందే ప్రసంగం చెప్తానన్నాడు బర్తిమయి.
బూడిద తియ్యమని పార ఇచ్చా.
అలిగాడు. తీశాడు.
మర్నాడు చెప్పకుండానే తీశాడు.
నేను చూడనట్టే ఉన్నా.

"యూదా కాళ్లు కూడా కడిగాడా ప్రభువు?"
తుకికు.
కడిగాడు.
"తెలిసే కడిగాడా?"
ఒక మొద్దు లోపలికి నెట్టా.
తెలిసే.
ఆ రాత్రి వాడింకేమీ అడగలా.

కెజియా మాటే ఇప్పటికీ గొంతులో చేపముల్లు.
"గుళ్లో పొగ తాగొద్దంటాం.
మరి ఈ ఆకేంది మామా? దీంతో తినే కూడేంది?"
మా నాయన దగ్గు వినపడింది,
గ్రేడింగు కాడ దుమ్ములో మా అక్క దగ్గు.
తెలీదమ్మా, అన్నా.
ఇన్నేళ్లూ నేను తప్పుకు తిరిగిన మాట
ఒక పిల్ల ముందు నోరు దాటింది.
ఇంక లేచిపోతారనుకున్నా.
ముగ్గురూ ఇంకాస్త దగ్గరికి జరిగారు.

ఫిబ్రవరిలో, మూడో లోడు, అయిదో రాత్రి
నాకు జ్వరం. ధర్మామీటరు రెండుగా కనపడతంది.
కాసేపని గోనెపట్టా మీద ఒరిగా.
కోడి కూసింది.
పేతురు గుండె జారినట్టు జారింది నాది.
లేచి చూద్దును గదా,
నూట అరవై కాడ పాదరసం, మేకు కొట్టినట్టు.
పొయ్యి నోటికాడ చొక్కా లేకుండా బర్తిమయి.
కట్టెలు లెక్కపెడతా పెడతానే నిద్రపోయిన తుకికు.
తలుపు మీద సుద్దతో
గంట గంటకూ వేడి ఎంతో రాసి ఉంది.
అన్నిటికన్నా కింద అంకె కాని గీతలేవో.
ఏందమ్మా ఇది?
"నీ పేరు. ఒబేదు. అంటే దాసుడంట మామా."
మూడక్షరాలనూ వేలితో తడివా.
వేలికి సుద్ద అంటుకుంది. తుడుచుకోలా.

పొద్దెక్కినాక పై అంచె నుంచి ఒక ఆకు తెచ్చి
ఈనె విరిచి చూపించా.
పుటుక్కుమనాల. వంగింది.
ఆకంతా ఎండినా ఈనెలో తడి ఉంటది,
అట్టానే కట్ట కడితే లోపల్లోపలే బూజు.
ఇంకో రాత్రి, అన్నా.
ఎవరూ విసుక్కోలా. బర్తిమయి పార అందుకున్నాడు.

కెజియా సుద్దముక్క నా చేతిలో పెట్టింది.
వేళ్లు వణికాయి, సున్నా సొట్టపోయింది.
చెరిపేసి మళ్లీ గబగబా రాయబోయా.
వెనక నుంచి చిన్నోడి గొంతు,
"తొందరపడబాక మామా,
ముందు పసుపు తిరగనియ్యి."