తొగరు దారం

మంగళ, గురు, శని.
మిగిలిన నాలుగు రోజులు నా లెక్కల ఉండవు.
అఫ్జల్‌గంజ్ దవాఖానల డయాలిసిస్ వార్డు, రాత్రి పాళి నాది.
పది మిషన్లు, అండ్ల రెండు చెడిపోయినయి.
ఎవరి నెత్తురు వాళ్ళకే తిరిగి తిరిగి వస్తుంటే
కుర్చీల కూసొని ఫోన్ల క్రికెట్ చూసేటోన్ని.

నాలుగో నంబరు మీద రత్నాకరం.
రాణిగంజ్ల షట్టర్లకు వెల్డింగు చేసేటోడు.
రిటైర్మెంటు లేని పని;
కిడ్నీలే ముందుగాల రిటైరైనయి.
పక్కన స్టూలు మీద భార్య తబితమ్మ,
ఒళ్ళె బట్టసంచి, సంచిల సూదుల డబ్బా.
చినిగిన దుప్పటి కనబడితే ఆమె చేతులు ఊకుండవు.
ఆరో నంబరు యాదగిరి లుంగీకి అంచు కుట్టింది,
నిఖత్ బేగం బురఖాకు హుక్కు పెట్టింది.
పైస అడగలే, సువార్త చెప్పలే.

నాకు మొదట్ల చిరాకే.
ఎంతమందిని చూసిన ఈ వార్డుల!
తాయెత్తులు, విభూతి పొట్లాలు, నూనె సీసాలు.
మిషనుకు చెవులుంటయా?
ఒకనాడు ఎకసెక్కంగ అడిగిన:
"మీ దేవుడు డ్యూటీల లేడా అమ్మా?"
పంటితోని దారం తెంపి అన్నది:
"నేను గూడ అదే అడుగుతున్న బిడ్డా. జవాబు రాలే."
"మరి?"
"జవాబియ్యకుంటే ఇంట్ల లేనట్టా?
ఈయన ముప్పై ఏండ్ల సంది ఎన్నడిచ్చిండు నాకు జవాబు!"
పైపుల నడుమ రత్నాకరం నవ్విండు.
మానిటరు మీద గీత జెర ఎగిరింది.

తెల్లారుజాము మూడింటికి
బంద్ పడ్డ లిఫ్టు కాడ బీడీ ముట్టియ్యవోయిన.
మెట్లమీద ఆమె.
ప్రార్థన అనుకున్న. కాదు, కొట్లాట.
"గాజులమ్మిన. కుట్టు మిషనమ్మిన.
ఇంకేం కావాలె నీకు? ఈయనా?
తీసుకపో. నిన్ను ఆపెటంతదాన్నా నేను.
కని నన్ను ఇడువకు, నేను గూడ నిన్ను ఇడువ."
బీడీ ముట్టియ్యకుండనే ఎనక్కి తిరిగిన.
నా ఎనకనే లోపలికొచ్చింది, మొఖం కడుక్కొని.
తొమ్మిదో నంబరు మీద కొత్త పిలగాడు, ఇంటరు సదువుతుండట,
సూది చూసి ఒణుకుతుండు.
ఆమె ఏం చెప్పలే.
వాని కాలి బొటనవేలు పట్టుకొని కూసున్నది,
నాలుగు గంటలు.

నా కోటు గుండీ ఊడింది ఆ వారమే.
"తెల్లది ఒడిసింది, తొగరుదే ఉన్నది."
"తొగరంటే?"
"ఎరుపే. మా పుస్తకంల గట్ల రాసుంటది."
కుట్టి, గుండీ మీద చెయ్యి ఒత్తి పెట్టింది,
పారిపోకుమన్నట్టు.

నయాపూల్ కింద మూసీ బురదగ ఉరికిన వానల్ల
రత్నాకరం పోయిండు.
ఏడ్చింది. గట్టిగనే ఏడ్చింది.
పాట పాడలే, దేవుని చిత్తమని అనలే.
వరండాల అందరు లేచి నిలబడ్డరు,
ఛాయ్ పోసే కాజాభాయ్ గిలాసలు కడుగుడు ఆపిండు.

మల్ల మంగళారం
వార్డు తలుపుల తబితమ్మ!
మేమంతా నోరు తెరిచి చూస్తున్నం.
సంచిలకెల్లి యాదగిరి అంగి తీసింది, ఇస్త్రీ చేసి ఉన్నది.
"కుట్టిస్తనని మాటిచ్చిన గద."
నాలుగో నంబరు మీద ఇంకెవరో ముసలాయన.
ఆ మిషను దిక్కు ఒక్క గడియ చూసింది,
స్టూలు జరుపుకొని
"మీదేవూరు?" అని అడిగింది.

నేను చర్చికి పోలే. గుడికి ఎట్లా పోను.
కని సూది గుచ్చే ముందు ఇప్పుడు పేరు పెట్టి పిలుస్త,
ఫోను డ్రాయర్ల పడేస్త.
నిఖత్ బేగం దువాల ఆమె పేరు తీస్తదట,
యాదగిరి చెప్పిండు.
మొన్న శనివారం
తన మిషను కోసం ఎదురుచూస్తున్న ఆ ఇంటరు పిలగాడు
ఎవరో కొత్త ఆడమనిషి ఒణుకుతుంటే
పోయి ఆమె కాలి బొటనవేలు పట్టుకున్నడు.
ఎవరు చెప్పలే వానికి.

సూపర్వైజరు నా కోటు చూసి అన్నడు:
"ఏందయ్యా ఆ ఎర్రదారం?
తెల్లదాంతోని కుట్టించుకో."
"కుట్టించుకుంట సార్" అన్న.
ఏడాదైతున్నది.