మూడు రోజులు తుంగభద్ర పేరు మీద

బెంగుళూరు ఆసామికి చరిత్ర కావాలంట.
కారు సరే, కాగితం లేకుంటే రేటు రాదంట.
"దాంట్లో రాజకీయం ఉండాల, అదే బంగారం" అన్నాడు
బనగానపల్లె మామిడిపండు వాసన చూసినట్టు
స్టీరింగు మీదికి వంగి.

ఆ రాత్రి వన్‌టౌన్ షెడ్డులో
ఉప్పుకాగితం పట్టుకొని కూర్చున్నా.
ఆర్టీవో ఆఫీసు రిజిస్టరు కంటే
రేకు కొంచెం మేలు.

మీది పూత బూడిద రంగు.
పెండ్లిండ్లకు బాడుగ తిప్పిన షేక్షావలి వేయించింది.
పూలదండల దారాలు కోసిన గీతలు
ఇంకా బానెట్టు మీద ఉండాయి.
దాని కింద పసుపు. దాని కింద ఇంకో పసుపు.
టెంటు సినిమా రంగస్వామి
ఒక ఎలక్షన్లో ఓడినోళ్లకు, ఇంకోదాంట్లో గెలిచినోళ్లకు
మైకు కట్టి ఇచ్చినాడు.
రెండుసార్లూ బాడుగ రాలే.

దాని కింద ఆకుపచ్చ, ఆదోని పత్తిమిల్లు నరసింహశెట్టిది.
సీటు విప్పితే ఇప్పటికీ పత్తిగింజలు.

అడుగున నలుపు.
మొగం కనపడేంత నలుపు.
ఊరు గుడారాలేసుకొని రాజధాని అయిన నాటిది.
గాలి లేస్తే జీవోలు రోజా దర్గా దాకా ఎగిరిపోయేవంట,
బంట్రోతులు కోళ్లను తరిమినట్టు తరిమేవాళ్లంట.
మద్రాసు నంబరుతో దిగిన ప్లిమత్
మూడేండ్లు ఎర్రదుమ్ములో తిరిగింది.
రాజధాని హైదరాబాదుకు పోయింది.
ఇంజను పట్టుకుపోయి కారు ఇక్కడే నిలబడింది.
రిజిస్టరులో తొలి పేరు చెదలు తినింది.
"గారు" మిగిలింది.

ఆకుపచ్చకూ పసుపుకూ నడుమ మాత్రం
నాలుగేండ్లు, అరవైయేడు నుంచి డెబ్బై ఒకటి,
రంగూ లేదు, పేరూ లేదు.
కల్లూరుకు పోయి మద్దిలేటిరెడ్డి భార్య రామసుబ్బమ్మనడిగినా.
జొన్నలు చెరిగే చాట ఆపలే.
"మా ఇంటికి కార్లు శానా వచ్చినాయి నాయనా,
మనిషే రాలే."
ఇంకో మాట అడగబోతే
రాళ్లు ఏరి నా పక్కకే వేసింది.

వెనక తలుపు తడితే ఒకచోట చప్పుడు వేరే.
లోపలి అట్ట విప్పినా.
బొక్క. దాంట్లో లప్పం.
ఎవరూ చూడని ఆ పక్కన, నున్న చేయకుండా వదిలేసిన చోట,
బొటనవేలి ముద్ర.
గీతల నడుమ అడ్డంగా రేకు కోసిన గాటు.
ఆ గాటు నాకు తెలుసు.
చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద గరగరలాడేది.

మా నాయన హుసేనప్పకు సంతకం రాదు.
ఎవరు తెచ్చినారో, ఏ రాత్రో,
ఎంత ఇచ్చినారో, ఎంత బెదిరించినారో
సచ్చేదాకా నోరు విప్పలే.
ఒకసారి మాత్రం, కుండలో నీళ్లు ముంచుకుంటా,
అడక్కుండానే అన్నాడు:
"రేకు మానుతాదిరా. రేకుకేం."

ఇంకో ఓనరు ఉంది.
రెండువేల తొమ్మిది అక్టోబరులో, షేక్షావలి రిపేరుకు వదిలిపోయినప్పుడు,
మూడు రోజులు తుంగభద్ర పేరు మీద ఉండె ఈ కారు.
ఏటి నీళ్లు సీట్లలో కూర్చున్నాయి, గేర్లు మార్చి చూసినాయి,
డిక్కీలో ఒండ్రు దాచిపెట్టి పోయినాయి.
కడిగితే ఒక నత్తగుల్ల, ఒక మీటింగు బ్యాడ్జీ.
ఏ పార్టీదో తుప్పు చెప్పనీలే.

మంగళవారం ఆసామి వచ్చినాడు.
బొక్కలో వేలు పెట్టబోయి,
"బుల్లెట్టా? బుల్లెట్టయితే ఇంకో లక్ష" అన్నాడు, కండ్లు మెరుస్తా.
"తుప్పు సార్" అన్నా.

కాగితం రాసిచ్చినా.
గారు. శెట్టి. నాలుగేండ్లు షెడ్డులో ఉండె.
రంగస్వామి. షేక్షావలి. తుంగభద్ర.
చివరిది చదివి నవ్వి, కొట్టేయమన్నాడు.
కొట్టేసినా.

తలుపు అట్ట నేనే బిగించినా.
తొమ్మిది స్క్రూలుండాల. ఎనిమిదే దొరికినాయి.